లాయరు దండగ

"మనిద్దరికీ లాయరెందుకే, డబ్బు దండగ" అన్నాడు మా ఆయన. విడాకులు వచ్చేదాకా ఆయన ఇంకా మా ఆయనే మరి. సరేలెమ్మని కాగితాలు నేనే నింపాను. ఆస్తుల వైపు యూనిఫారాలు కుట్టే దుకాణం, మిషన్లు, బట్టలు చేరవేసే వ్యాను. అప్పుల వైపు గుడ్డల కొట్టు బాకీ, నా తోడికోడలి గాజులు.

"గాజులకి రుజువుందా? లేకపోతే లెక్కలోకి రాదమ్మా" అని కోర్టు గుమాస్తా కొట్టేయించాడు. రుజువెక్కడిది? వ్యాను కొనేటప్పుడు "రెండు నెలల్లో విడిపిస్తా వదినా" అని మా ఆయన ఆ గాజులు తాకట్టు పెట్టాడు. అవి అక్కడే వేలానికి పోయాయి. ఆవిడ అడిగినప్పుడల్లా పళ్లికిలించి తప్పించుకున్నాడు.

తర్వాత ఆయన నింపిన కాగితాలు నాకు పోస్టులో వచ్చాయి. దుకాణం కోసం అన్న దగ్గర అప్పు చేశాడట. ఎంతంటే, దుకాణం అమ్మితే తప్ప తీరనంత. కింద బావగారి సంతకం. నా ఒళ్లు మండిపోయింది. కళ్లు పోయేలా కుట్టి నిలబెట్టిన దుకాణం నాది. దాన్ని అమ్మించి, డబ్బు అన్న చేతుల మీదుగా తన జేబులో వేసుకుందామని ఎత్తు.

నేను ఏడవలేదు. ఆ కాగితం పట్టుకుని తిన్నగా తోడికోడలి ఇంటికి వెళ్లాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"మీ బావకి క్షవరానికి డబ్బులు కూడా నేనే ఇస్తాను చెల్లీ. ఇంత సొమ్ము ఎక్కణ్ణించి తెచ్చిచ్చాడు? వచ్చి అబద్ధమని చెప్పమంటావా?"

"వద్దక్కా. నిజమని చెప్పు."

ఆవిడ కళ్లద్దాల పైనుంచి నన్ను చూసింది. "వ్యాను ఇంకా బాగానే నడుస్తోందా?" అని అడిగింది.

ఆస్తులూ అప్పులూ పంచే సర్దుబాటు రోజున కోర్టు ఆఫీసరమ్మ ముందు ఇద్దరం కూర్చున్నాం. నేను గొంతు తగ్గించి, తల వంచుకుని మాట్లాడాను.

"ఆ అప్పుని నేను కాదననండీ. కాకపోతే మొత్తం ఆయనే తీర్చుకుంటానని రాయాలి. బదులుగా వ్యాను ఆయనకే వదిలేస్తాను. దుకాణం మాత్రం నాకు."

మా ఆయన మొహం వెలిగిపోయింది. లేని అప్పుకి తీర్చేదేముంది? వ్యాను ఊరికే వచ్చినట్టే కదా.

"బాగా ఆలోచించుకున్నారా? మీ అన్నగారు అడిగిన రోజున కట్టాల్సిందే" అంది ఆఫీసరమ్మ.

"మా అన్నయ్య నన్నడుగుతాడా అండీ!" అని నవ్వుతూ సంతకం గీకేశాడు. ఆ వెనకే నేనూ చేశాను. నా కడుపు చల్లబడింది. ఇంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు.

బయట వరండాలో బెంచీ మీద తోడికోడలు కూర్చుని ఉంది. పక్కన బావగారు కుక్కిన పేనులా ఉన్నారు.

"అప్పు ఒప్పుకున్నావటగా మరిదీ! ఎంత మంచివాడివి. మీ అన్నయ్య బాకీలన్నీ వసూలు చేసేది నేనే. తెలుసుగా?"

మా ఆయన నవ్వు ఆగిపోయింది. "వదినా, అదీ... ఊరికే రాశాం..."

"ఊరికేనా? అయితే లోపలికి పద. దొంగ కాగితం పెట్టానని ఆఫీసరమ్మకి చెబుదువుగాని."

ఆయన అన్న వైపు చూశాడు. బావగారు చెప్పుల వైపు చూసుకున్నారు. దుకాణంలో పని బోలెడు ఉంది, అయినా నేను కదల్లేదు. ఇది చూడ్డానికే కదా ఇన్నాళ్లూ పళ్లు బిగబట్టుకున్నాను.

తోడికోడలు చెయ్యి చాపింది. "ముందు వ్యాను తాళం ఇటివ్వు. గాజులకి అది సరిపోతుంది. మిగతాది నెలనెలా ఇద్దువుగాని."

తాళం ఆవిడ చేతిలో పెట్టి, మా ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వైనా చెప్పవే. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"నాకేం తెలుసండీ. అలాంటివి చెప్పడానికే లాయర్లుంటారు. దండగన్నది మీరేగా" అన్నాను.