కురాషికి బల్ల

మా ఆయన సిద్ధయ్య జపాను చూసి వచ్చాడు. సిద్దిపేటలో ఇంకెవరూ చూడలేదు కాబట్టి ఆయన చెప్పిందే జపాను.

యుద్ధమప్పుడు పట్టాళంలో చేరి, అది ముగిశాక జపానులో ఏడాది కాపలా కాసి, నలభై ఏడులో ఇల్లు చేరాడు. ఆయన లేని ఆ నాలుగేళ్లూ గుంట మగ్గం మీద నేసింది నేనే. ఆడవాళ్లు నూలు కండెలే చుట్టాలని జన్మంతా చెప్పిన మా మామ పెద్దయ్యే, తన చూపు మందగించాక నన్ను గుంటలోకి దింపాడు. నడుము దాకా నేలలో ఉండాలి. వానాకాలం కాళ్ల కింద నీళ్లు ఊరేవి. ఆయన వస్తాడు, నేను పైకెక్కుతాను అనుకుంటూ రోజులు నెట్టాను.

ఆయన వచ్చాడు. ఎక్కింది మాత్రం అరుగు. పొద్దున లేస్తే నలుగురిని పోగేసి కురాషికి అనే ఊరి ముచ్చట మొదలుపెడతాడు.

“నూలు మిల్లుల ఊరే గది. అయినా నడిమిట్ల కాలువ, కాలువ పొంటి తెల్లగోడల కొట్లు, నీళ్ల మీదికి వంగిన చెట్లు. గడ్డితోని చాపలు నేస్తరు, పండుకుంటే లేవ బుద్ధి కాదు.”

“మరి మగ్గాలు?” అని పక్కింటి నర్సయ్య రోజూ అడుగుతాడు.

“ఎత్తుగుంటయి. ఆడోళ్లు బల్ల మీద కూసోని నేస్తరు. గుంటనే లేదు.”

గుంటలోంచి నాకు అన్నీ వినబడేవి, ఎవరూ కనబడేవారు కాదు. ఆ కాలువలో ఎన్ని పడవలున్నాయో నాకూ కంఠతా వచ్చింది. ఒళ్లు మండేది. మొన్న పడుగు కొసకొచ్చినప్పుడు అన్నం పెడుతూ తేల్చి చెప్పాను.

“గీ పడుగు అయినంక నేను గుంటల దిగ. మోకాళ్లు పట్టుకపోయినయి.”

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని నా మోకాళ్ల వంక చూశాడు.

“నిజమేనే పెంటవ్వా. నాకే సోయి లేకపాయె,” అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మగ్గం ఖాళీగా ఉండరాదని మా మామ పట్టు. చీర కోశాక, దువ్వెనలాంటి అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. ఎప్పుడూ అది నా పనే. ఈసారి అచ్చు ఆయన తీసుకున్నాడు. రెండు రోజులు అరుగు ముఖం చూడలేదు. వేళ్లకు బూడిద అద్దుకుంటూ వెయ్యికి పైగా పోగులు అతికాడు, ఒక్కటీ జారలేదు. కొడుకు చేతికి పని గుర్తుందని మామ మురిసిపోయాడు. నేను కాళ్లు చాపుకుని కండెలు చుట్టాను. పెరట్లో కర్రపని చేసే వడ్లాయన ఏదో కొడుతుంటే పాత మగ్గానికి మరమ్మతు అనుకున్నాను.

మూడో రోజు కోమటిచెరువులో బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి గుంట పూడ్చేసి ఉంది. ఆ జాగలోనే ఎత్తు మగ్గం, దాని ముందు నున్నగా చిత్రిక పట్టిన బల్ల. ఆయన అతికిన పడుగు దాని మీద బిగించి ఉంది.

“అచ్చం కురాషికి ఆడోళ్ల మగ్గం. ఇగ నీ మోకాళ్లు నొయ్యవు, ఎన్ని చీరలన్న నెయ్యొచ్చు. కూసో,” అన్నాడు.

“మరి నువ్వు?”

“నాకు గుంట మగ్గమే వచ్చు. గిది నీ కోసమే చేయించిన.”

మామ సరేనన్నట్టు తల ఊపాడు. పెళ్లాం మీద ఇంత ప్రేమ ఎవరికుందని నర్సయ్య అప్పటికే వాడంతా చెప్పి వచ్చాడు. ఇక ఆయనే నేస్తాడనుకున్నాను గానీ ఆ మాట పైకి అనలేదు. మోకాళ్లనే కదా నేను సాకు చెప్పింది.

బల్ల ఎక్కాను. నిజంగానే సుఖంగా ఉంది. అదే నా ఖర్మ. కిటికీలోంచి అరుగు కనబడుతోంది. ఆయన నలుగురి మధ్య కూర్చుని, కాలువ దగ్గర మొదలుపెట్టాడు. గుంటలో ఉన్నన్నాళ్లూ ఆయన్ని వినడమే ఉండేది, చూడాల్సి వచ్చేది కాదు. పడుగు పోగుల మధ్యకు నాడె విసిరాను.