రంగు నింపని చిలక

కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన చీర గుడ్డ పసుప్పచ్చగా బల్ల మీద పరిచి ఉంది. నూకరాజు అచ్చును నల్లరంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు. నలభై ఏళ్లుగా గుద్దీ గుద్దీ ఆ చేతి అంచు కాయకాసి చెక్కలా తయారైంది. రెండు రోజులుగా ఎడమ రెట్ట లాగుతోంది. చెబితే జోడీ పనివాడు అప్పయ్య బలవంతాన బందరు ఆసుపత్రికి లాక్కుపోతాడని ఎవరికీ చెప్పలేదు.

పెడనలో ఆ కలంకారీ అద్దకం షెడ్డు పద్ధతి ఇది. ఒకరు నల్లగీత అచ్చు వేసుకుంటూ పోతే, వెనకాలే ఇంకొకరు గీతల మధ్య రంగు నింపుతారు. గీత నూకరాజుది, నింపడం అప్పయ్యది. ఆ గుడ్డను కాలవలో జాడించి, ఉడకబెట్టి ఎరుపు తేల్చేది అప్పయ్య భార్య మంగతాయారు. నూకరాజు తన పెళ్లి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు.

చీర సినిమా వాళ్లది. ఒక అమ్మాయి, ఆమెను కోరిన ఇద్దరు అబ్బాయిలు, అదీ కథ. ఏదో నవలను సినిమాగా తీస్తున్నారట. చీర పని చూసుకోవడానికి వచ్చిన అసిస్టెంటు డైరెక్టరు పిల్ల, శ్రీలేఖ, కథంతా చెప్పింది. ఓడిపోయినవాడు చివర్లో ఊరొదిలి వెళ్లిపోతాడట. నూకరాజుకు నవ్వొచ్చింది. వెళ్లిపోతే మర్నాడు గీతెవరు వేస్తారు?

మీరైతే ఎవర్ని చేసుకునేవారు పిన్నిగారూ అని శ్రీలేఖ సరదాగా అడిగింది.

మంగతాయారు తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "నా పెళ్లికి ముందు కాలవలో జాడిస్తుంటే ఓ దుప్పటి మూల చిలక కనపడిందమ్మా, ముక్కు విరిగిన చిలక. ఆర్డర్లో లేనిది. నా కోసమే గీతా రంగూ ఒక్కరే వేసుంటారనుకున్నా. ఎవరని అడిగితే ఈయన నేనే అన్నారు. ఆ చిలక వేసినాయన్నే చేసుకున్నా."

అప్పయ్య తలెత్తలేదు. ఆ గీత నూకరాజుది. వెనకాలే వస్తూ అలవాటు కొద్దీ రంగు నింపింది అప్పయ్య. మంగతాయారు మనసుపడి అప్పయ్యను చేసుకుందని ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాడు నూకరాజు. ఆ "నేనే" సంగతి ఇవాళే తెలిసింది. కోపమొచ్చింది, దాని వెంట ఏడుపొచ్చింది. నోరు తెరిస్తే ఈ వయసులో ముగ్గురి బతుకులూ రచ్చకెక్కుతాయి. మింగేశాడు.

శ్రీలేఖ వెళ్లాక బల్ల కింద రేకుపెట్టెలోంచి పాత అచ్చు తీశాడు. చీర చివర ఒక్క గుద్దు గుద్ది, గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

అప్పయ్య టీ తెచ్చి భుజం తట్టాడు. నూకరాజు తల పక్కకు వాలిపోయింది, ఊపిరి లేదు.

అందరూ కలిసి అతన్ని ఇంటికి మోసుకెళ్లారు. తాళం వేయడానికి అప్పయ్య, గుడ్డ మడత పెట్టడానికి మంగతాయారు షెడ్డుకు తిరిగొచ్చారు. చీర చివర ఆమె చేతులు ఆగిపోయాయి. పక్కనే అచ్చు, దాని మీద ఇంకా ఆరని నలుపు.

"ఇది కూడా మీరే వేశారా?" అంది మెల్లగా.

అప్పయ్య రంగు అచ్చు చేతిలోకి తీసుకున్నాడు, మళ్లీ పెట్టేశాడు. గుడ్డ మీద ముక్కు విరిగిన చిలక, లోపల ఏ రంగూ లేకుండా, వట్టి నల్లగీతగా ఉంది.