ఏడు పూతల నౌక, ఒక్క పూత పడవ

పడవలు బాగుచేసే యార్డులో ఆ వారం రెండింటిని పక్కపక్కనే గట్టు మీదికి లాగారు. ఒకటి ఎవరో ధనవంతుడి విహార నౌక. రెండోది కూలీలనూ, బడిపిల్లలనూ, ఆసుపత్రికెళ్లే ముసలివాళ్లనూ రోజూ అవతలి ఒడ్డుకు చేర్చే రేవు పడవ.

విహార నౌకకు ఏడు పూతలు. ప్రతి పూతా ఆరాలి, నున్నగా రుద్దాలి, వేళ్లతో తడిమి చూడాలి. దాని మీద ఈగ వాలితే సూపర్‌వైజరుకు గుండె ఆగినంత పని. మరి రేవు పడవకో? తుప్పు గీకీ గీకకుండా ఒక్క పూత. చదివే పెద్దలారా, ఆ రెండింటిలో ఎందులో ఎక్కువ ప్రాణాలు ప్రయాణం చేస్తాయో మీరే చెప్పండి!

రంగుల మేస్త్రిది ఇక్కడ ఇరవై రెండేళ్ల సర్వీసు. రేవు పడవ అడుగున సుత్తితో తట్టుకుంటూ వెళ్లాడు. మంచి రేకు ఖంగుమంటుంది. ఇంజను గది కింద జానెడు మేర మాత్రం తడిసిన అట్టలా చప్పగా పలికింది. రేకు మార్చాలని సూపర్‌వైజరుకు చెప్పాడు. ఎల్లుండికల్లా పడవ నీళ్లలో ఉండాలి, అంత టైము లేదు, లప్పం పెట్టి పూడ్చి పైన రంగేసెయ్ అని ఆయన విహార నౌక వైపు వెళ్లిపోయాడు.

మేస్త్రి చెప్పినట్టే చేశాడు. చేస్తున్నంతసేపూ ఒళ్లు మండిపోయింది, ముందు తన మీదే. తన చెయ్యి పడితే చిల్లు ఎక్కడుందో దేవుడికి కూడా తెలీదని తోటివాళ్లు మెచ్చుకుంటే ఇన్నేళ్లూ పొంగిపోయాడు. ఛీ, అదీ ఒక పనితనమేనా! చెల్లెలు రోజూ ఈ పడవలోనే పనికి వెళ్తుంది. అన్నయ్య చెయ్యి పడ్డ పడవ కదా, భయమేముందని అందరితో చెప్పుకుంటుంది.

మర్నాడు తనిఖీ అధికారి వచ్చాడు. నిగనిగలాడే రంగును దూరం నుంచే చూసి, సంతకానికి కలం తీశాడు. మేస్త్రి ముందుకొచ్చి, లప్పం పెట్టిన చోట సుత్తితో ఒక్కటిచ్చాడు. సుత్తి పిడి దాకా లోపలికి దిగబడింది. తుప్పు పొరలు జలజలా రాలి అధికారి బూట్ల మీద పడ్డాయి.

సూపర్‌వైజరు మొహం మాడిపోయింది. "మతి పోయిందా? పడవంతా పాడు చేశావు కదయ్యా."

"పాడు చేసింది నిన్న సార్, లప్పం పెట్టినప్పుడు," అన్నాడు మేస్త్రి. పనివాళ్లందరూ చేతుల్లో కుంచెలు ఆపేశారు. అధికారి కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

మేస్త్రిని ఆ మధ్యాహ్నమే పనిలోంచి తీసేశారు. గేటు దగ్గర ఆగి అతను సూపర్‌వైజరుతో ఒక్క మాటే అన్నాడు.

"బీదవాళ్లెక్కే పడవకి మీ ఏడు పూతలూ అక్కర్లేదు సార్. కింద గట్టి రేకు వెయ్యండి, వాళ్లవీ ప్రాణాలే."