తొమ్మిదో వరస

మొగలి కంచె నడుస్తుందంటే నమ్ముతారా? నమ్మకపోతే పలాసలో ఆటో ఎక్కి సముద్రం వైపు వచ్చి రత్నాలమ్మ ఆశ్రమం చూడండి.

ఆశ్రమానికి పడమట ధర్మారావు కొబ్బరితోట. మధ్యన మొగలి కంచె. ధర్మారావు ఏటేటా తన వైపు మట్టంగా నరికిస్తాడు. మొగలికేం, ఒకవైపు నరికితే రెండోవైపు ఊడలు దింపుకుని జరుగుతుంది, ఏడాదికి మూరెడు. ఆశ్రమం వైపు నరికే నాథుడు లేడు. పచ్చని చెట్టు మీద కత్తి పడకూడదని రత్నాలమ్మ పెట్టిన నియమం. రెండో నియమం మౌనం. ఆవిడ పోయి పదేళ్లయినా రెండూ చెక్కుచెదరలేదు. ఇంకేం కావాలి! నరకరు, నోరెత్తరు. ముప్పయ్యేళ్లుగా కంచె దర్జాగా లోపలికి నడిచొస్తుంటే ఈ మహానుభావులంతా కళ్లు మూసుకుని ధ్యానం చేసుకున్నారు.

కళ్లు తెరిచి చూసింది చిన్నమ్మి ఒక్కతే. ఆశ్రమం ఊడ్చేదీ, గంజి కాచేదీ ఆవిడే. ఒడ్డున ఉండే చేపలోళ్ల మనిషి, యాభై దాటింది. పన్నెండేళ్ల కిందట మొగుడు వేటకెళ్లాడు. పడవ వచ్చింది గానీ మనిషి రాలేదు, శవమూ రాలేదు. ఎక్కడ కూర్చుని ఏడవాలో తెలీక ఒడ్డెంబడి తిరుగుతుంటే రత్నాలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "ఒక రాయి పెట్టుకోవే తల్లీ. అదే నీ మనిషి అనుకో" అంది. చిన్నమ్మి సముద్రం అంచు నుంచి ఓ నల్లరాయి మోసుకొచ్చి పడమటి మూల పెట్టుకుంది. రోజూ ఊడ్పు అయ్యాక దాని పక్కన కూర్చుని ఆ పూట కబుర్లన్నీ మనసులోనే చెప్పుకుంటుంది. అప్పట్లో కంచె అల్లంత దూరాన ఉండేది. ఇప్పుడు ఊడలు రాయి నెత్తిమీదికే వచ్చేశాయి.

ఇలా ఉండగా సర్కారువారి భూముల రీసర్వే వచ్చిపడింది. సర్వేయరు నీలిమ, పాతికేళ్ల పిల్ల, వచ్చి చెప్పింది. "బుధవారం కొలుస్తాం. కంచే హద్దని ధర్మారావుగారు అంటున్నారు. మీరూ ఒప్పుకుని సంతకం పెడితే అదే ఖాయం." హద్దు తేలగానే మొగలి పీకించి ప్రహరీ కడతానని ధర్మారావు ఊరంతా చెప్పేశాడు. అంటే గోడ సరిగ్గా చిన్నమ్మి రాయి మీద లేస్తుందన్నమాట.

చిన్నమ్మి పరుగున వెళ్లి వసంతమ్మకి చెప్పింది. రిటైరైన టీచరమ్మ, ఇప్పుడు ఆశ్రమానికి పెద్దదిక్కు. మౌనంలో ఉంది కాబట్టి పలక మీద రాసి చూపించింది: "భూమి మనది కాదమ్మా."

చిన్నమ్మికి ఒళ్లు మండింది. "మనది కాదు, సరే. మరి ఆయనదెలాగైందో అదీ రాయండమ్మా!"

వసంతమ్మ పలక కొంగుతో తుడిచి మళ్లీ రాసింది: "నువ్వు మాట్లాడు."

బుధవారం పొద్దున్నే కంచెకి అవతల ధర్మారావు, ఇవతల చిన్నమ్మి, మధ్య సందులో కాగితాలతో నీలిమ. ధర్మారావు మాజీ సర్పంచి. అరవై దాటినా గొంతు తగ్గలేదు.

"ఏటే సిన్నమ్మీ, నువ్వొచ్చావా సంతకానికి?"

"సంతకం తరవాత బాబూ. ముందు ఒక మాట సెప్పు. తిత్లీ తుపానుకి నీ సెట్లు ఎన్ని పడిపోయాయి?"

ఆ ఒక్క రాత్రికే కొబ్బరితోటలన్నీ కూలిపోయిన ఈ ఉద్దానం సీమలో ఎవర్నైనా ఈ మాట అడిగి చూడండి, చేస్తున్న పని మర్చిపోతారు. ధర్మారావూ మర్చిపోయాడు.

"తొంభై ఆరు. ఎనిమిది వరసలు, వరసకి పన్నెండు. మా నాయిన పెట్టిన సెట్లు. తెల్లారి సూసీసరికి ఒక్కటీ నిలబడి నేదే. నువ్వూ వొచ్చావు కదా, మట్టలు లాగడానికి."

"వొచ్చాను బాబూ. నువ్వు ఆరోజు అన్నం తిన్నేదు. ఎనిమిదో వరస ఒరిగి కంచె మీద పడిపోయింది, గేపకం ఉన్నాదా?"

"ఎందుకుండదు? మా నాయిన కంచెనానుకునే కదా ఆ వరస ఏసినాడు..." అని ఆగిపోయాడు.

నీలిమ తోటవైపు తిరిగి వేలుతో లెక్కపెట్టింది. "ఇప్పుడు తొమ్మిది వరసలున్నాయండీ."

ధర్మారావు కాదు పొమ్మని ఉంటే అడిగేవాళ్లెవరు? కానీ పడిపోయిన చెట్ల లెక్కలో అబద్ధమాడటానికి ఆ మనిషికి నోరు రాలేదు.

"కొత్తగా పాతీటప్పుడు సోటు కనపడింది, ఇంకో వరస పెట్టీసినాను" అన్నాడు చివరికి. "కంచె దాకా నాదే అనుకున్నానమ్మా. రాసుకో. ఎనిమిదో వరస దాకానే నాది."

నీలిమ రాసుకుంది. ఆయన తొమ్మిదో వరస వంక చూస్తూ చిన్నపిల్లాడిలా అడిగాడు, "ఆ పన్నెండూ నరికీత్తారేటే? ఇప్పుడిప్పుడే గెల ఏత్తన్నాయి."

"మేం సెట్టు నరకం బాబూ, తెల్దా నీకు? కాయలు నువ్వే దింపుకో. కాపోతే గేటులోంచి రా, నోరు మూసుకుని రా."

నీలిమకి నవ్వాగలేదు. ధర్మారావూ నవ్వబోయి ఆపుకున్నాడు. "ఇన్నేళ్లూ ఒక్క మాటా అన్నేదు. ఇయ్యాల ఎందుకొచ్చిందే నీకింత కోపం?"

చిన్నమ్మి ఊడలు పక్కకి జరిపి రాయి చూపించింది.

"అమ్మవారనుకున్నానే. ఎవరిది?"

పెనిమిటి పేరు నోటితో అనడం వాళ్లలో లేదు. రాయి మీదా రాయించలేదు. చిన్నమ్మి తల దించుకుంది. "మా ఇంటాయన బాబూ. ఏటకెల్లి రానేదు కదా."

ధర్మారావు తోటంతా చుట్టుకుని గేటు దగ్గరికొచ్చి, చెప్పులు విడిచి, ధ్యానంలో కూర్చున్నవాళ్ల పక్కనుంచి నడిచి వచ్చాడు. రాయి ముందు గొంతుక్కూర్చుని దాని మీది ఊడల్ని వట్టి చేతుల్తో ఎత్తి అటు తప్పించాడు. మొగలిముళ్లు చేతులు గీరేసినా పట్టించుకోలేదు. అయిదో తరగతి దాకా ఆయనా చిన్నమ్మి మొగుడూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు మరి.

"ఏరా ఢిల్లీరావూ" అన్నాడు. "ఇక్కడున్నావేట్రా నువ్వు?"

ధ్యానంలో ఉన్నవాళ్లు ఉలిక్కిపడి కళ్లు తెరిచారు. నియమం ప్రకారం చిన్నమ్మి వేలు పెదాల మీద పెట్టి ఆయన నోరు మూయించాలి. కానీ అత్తా మామా పోయాక ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లే లేరు. ఊళ్లో అందరికీ అతను "చిన్నమ్మి మొగుడు" అయిపోయాడు. తనేమో అనకూడదు. చిన్నమ్మి ఇసకలో కూలబడిపోయింది. కళ్లనీళ్లు తుడుచుకునే ధ్యాస కూడా లేదు.

"ఇంకోపాలి పిలు బాబూ" అంది.