ఎర్రగుడ్డ లేని ఊరు

లెపెకా బెత్తం పట్టుకుని బయల్దేరితే ఊళ్లో చాపలు వాటంతటవే దులుపుకుంటాయని ఆడవాళ్లు నవ్వుకునేవారు, ఆమె నాలుగు ఇళ్లు దాటిపోయాక. మహిళా కమిటీ తరఫున ముప్పై ఏళ్లుగా ఇంటింటికీ తిరిగి పళ్లేలు, పక్కలు, మరుగుదొడ్లు తనిఖీ చేసేది ఆవిడే. ఎవరిల్లు మురికిగా ఉందో నెలకోసారి సమావేశంలో పేరు పెట్టి మరీ చదివేది. ఆ చదువుకు భయపడే ఊరు అద్దంలా ఉండేది.

సమోవా దీవులంతటా తట్టు పాకి చంటిపిల్లలు పోతున్న ఆ నెలలో ప్రభుత్వం రెండు రోజులు దేశాన్నే మూసేసింది. బస్సుల్లేవు, దుకాణాల్లేవు, రోడ్డు మీద మనిషి కనపడకూడదు. టీకా పడనివాళ్లు ఇంట్లో ఉంటే ముందు ఎర్రగుడ్డ కట్టాలి. నర్సుల వ్యాను ఆ గుడ్డ ఉన్న చోటే ఆగుతుంది.

లెపెకా కూతురు ఫిలేము నడుముకు చుట్టుకునే తన పాత ఎర్ర లావాలావాను చించి ముందురోజు సాయంత్రమే ఇంటి స్తంభానికి కట్టింది. ఆమె కొడుకు ఇసాకోకు పది నెలలు. ఎక్కడో టీకా వికటించి పసివాళ్లు పోయారని, సూదిమందంటేనే ఊరు జడుసుకున్న ఏడాది పుట్టాడు, టీకా పడలేదు. రెండు రోజులుగా ఒళ్లు కాలిపోతోంది. అంబులెన్సు నంబరు మోగుతోందే గానీ ఎత్తే దిక్కు లేదు. ఆసుపత్రి ఇరవై మైళ్లు. ఇక మిగిలిన ఆశ ఆ వ్యానే.

పొద్దున్నే లెపెకా బయటికొచ్చి ఆ గుడ్డను చూసింది. చుట్టూ స్తంభాలే తప్ప గోడల్లేని ఇల్లు, ఎదురుగా పాస్టరుగారి వరండా. ఊరందరికీ వంకలు పెట్టిన మనిషి ఇంటికే ఈ మచ్చ! పిల్లాడిది పళ్లొచ్చే జ్వరమేనని తనకు తాను సర్దిచెప్పుకుంది. వ్యాను వస్తే చెయ్యెత్తి ఆపలేనా అనుకుంది. ముడి విప్పి గుడ్డను చాప కింద దోపి, కొబ్బరి కోరడానికి వెనక వంటపాకలోకి వెళ్లింది. ఆ పనిలో పడి వ్యాను చప్పుడే వినలేదు.

"అమ్మా, వ్యాను వెళ్లిపోయింది. మనింటి ముందు ఆగనే లేదు." పిల్లాడిని భుజాన వేసుకుని ఫిలేము పాక గుమ్మంలో నిలబడింది. "అరిచాను, వినిపించుకోలేదు. గుడ్డేదమ్మా?"

"విప్పేశాను."

"ఎందుకు?"

"నలుగురూ చూస్తారని."

"చూడాలనే కదమ్మా కట్టింది."

ఇసాకో ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. అది పళ్ల జ్వరం కాదని లెపెకాకు ఇప్పుడు తెలిసింది. పిల్లాడిని లాక్కుని చంకనేసుకుని రోడ్డెక్కింది. వెనకే ఫిలేము. వ్యాను వెళ్లిన పక్క ఊరు మైలున్నర.

ఆ పరుగులోనే లెపెకా మరొకటి గమనించింది. ఏ ఇంటి ముందూ ఎర్రగుడ్డ లేదు. నిన్న సాయంత్రం సవీలి ఇంటికి ఉంది. పడవలు చేసే పేలె ఇంటికి ఉంది. ఎవరింట్లో ఎందరు పిల్లలో, ఎవరికి టీకా పడలేదో ఆమెకు కంఠతా వచ్చు. పొద్దున తన స్తంభం వైపు చూసి అందరూ విప్పేశారు. తనను చూసే కదా ఈ ఊరు ఏదైనా చేసేది.

పక్క ఊళ్లో వ్యాను ఇంకా కదల్లేదు. పెద్ద నర్సు తలితా పిల్లాడి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, ముఖం మార్చుకుంది.

"ఇప్పుడు టీకాతో పనిలేదు. వీడికి ఆక్సిజన్ కావాలి. తల్లి ఒక్కరే ఎక్కండి, చోటు లేదు." డ్రైవరుకు సైగ చేసి లెపెకా వైపు తిరిగింది. "ఎక్కడి నుంచి పెద్దమ్మా? ఆ వెనక ఊరేనా? ఒక్క గుడ్డ కూడా లేదే. అందరికీ పడ్డాయని మేం సంతోషపడ్డాం."

లెపెకా వెనక్కి తిరిగి తన ఊరి వైపు చూసింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఫిలేము వ్యానులోంచి తననే చూస్తోంది.

"పడలేదు తల్లీ. తొమ్మిదిళ్లు, పదకొండు మంది పిల్లలు. నేను నా గుడ్డ విప్పాను. నన్ను చూసి వాళ్లూ విప్పారు."

తలితా తిడుతుందనుకుంది లెపెకా. తలితా మాత్రం చిన్న నర్సును పిల్లాడితో వ్యానులోనే ఉండమని చెప్పి, మందుల ఐస్ పెట్టె భుజాన వేసుకుని కిందికి దిగింది. వ్యాను వెళ్లిపోయింది.

ఇద్దరూ నడిచి ఊరికొచ్చారు. మొదట పాస్టరుగారిల్లు.

"ఇదేంటి లెపెకా, రోడ్ల మీద తిరుగుతున్నావు? మన ఊరు ఎంత శుభ్రంగా ఉందో చూశావా, ఒక్క గుడ్డా లేదు," అంది పాస్టరమ్మ.

"మీ మనవరాలిని తీసుకురండి పాస్టరమ్మ గారూ."

"దానికేం, ఎప్పుడో..."

"పడలేదు. నాకు తెలుసు, మీకూ తెలుసు. నా పరువు కోసం గుడ్డ విప్పాను, నా మనవడికి ఊపిరాడట్లేదు. తీసుకురండి."

పాస్టరమ్మ లోపలికి వెళ్లి మనవరాలిని ఎత్తుకొచ్చింది.

ఇంటింటికీ అదే మాట చెప్పింది. ముప్పై ఏళ్లలో లెపెకా ఏ గుమ్మం ముందూ తన తప్పు చదవలేదు. చెప్పేకొద్దీ తేలికవుతుందనుకుంటే, బరువెక్కుతోంది.

ఆరో ఇల్లు సవీలిది. ఆమె కవలల్లో మొదటివాడికి సూది వేసేసరికి లెపెకా ఫోను మోగింది.

"అమ్మా," అంది ఫిలేము. వెనక ఇంజను చప్పుడు లేదు. "ఆసుపత్రి గేటు దాకా వచ్చామమ్మా. గేటు దాకా ఉన్నాడు."

లెపెకా చాప మీద కూలబడింది. ఏడుపు రాలేదు. ముడి విప్పిన చేతుల్ని నరికేసుకోవాలనిపించింది. సవీలికి విషయం అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తలితా సూది పట్టుకుని ఆగిపోయింది. "పెద్దమ్మా, మీరు ఇంటికెళ్లండి. మిగతావి నేను చూసుకుంటాను."

లెపెకా రెండో పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఇసాకో అంత బరువే ఉంది. కదలకుండా మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని చిన్న చెయ్యి చాపించింది.

"కానివ్వు తల్లీ. ఇంకా మూడిళ్లున్నాయి."