ముప్పై తొమ్మిది కిలోల నాలుగొందలు

గోవిందరావు ముప్పై ఏళ్ళుగా నరసన్నపేటలో చింతపండు, బెల్లం టోకున అమ్ముతున్నాడు. కాటా మీదికెక్కని మాట దేన్నీ నమ్మడు. రైతు వచ్చి "డెబ్భై కిలోలుంటాది బాబూ" అంటే తల ఊపుతాడు, నవ్వుతాడు, టీ కూడా తెప్పిస్తాడు. బస్తా కాటా ఎక్కేదాకా మాత్రం ఆ డెబ్భై ఆయన చెవికెక్కదు. అలాంటి మనిషి కనకనే ఆ మంగళవారం మధ్యాహ్నం చెయ్యకూడని పని చేశాడు. తీగనున్న గుమ్మడికాయని కాటా ఎక్కించాడు.

ఆ పాదు ఆయనది కాదు, భార్య పార్వతీదేవిది. రెండేళ్ళ కిందట ఆమె కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. అప్పట్నించీ వారానికి రెండుసార్లు శ్రీకాకుళం ప్రయాణం, మంచం మీద నాలుగ్గంటల డయాలసిస్. ఎక్కించేముందు నర్సు ఆమెను తూస్తుంది, దించాక మళ్ళీ తూస్తుంది. దించాక వచ్చిన అంకే అసలు బరువు, మిగతాది ఒంట్లో నిలవున్న నీరు. ఆ అంకెలన్నీ గోవిందరావు బుర్రలో వరసగా ఉన్నాయి. సంక్రాంతి ముందు నలభై ఆరు. శివరాత్రి దాటాక నలభై రెండు కిలోల రెండొందలు. ఒంట్లో కండ పోతోందని డాక్టరు చెప్పాడు. సరుకు తరుగుతోందంటే ఎందుకు తరుగుతోందో వెతికి పట్టుకోవడం గోవిందరావుకి వచ్చు. ఈ తరుగు ఎక్కడుందో తెలిసీ ఆపే దారి లేదు.

మంచం మీద పడుకునే ఆమె ఫోన్లో ఒక వీడియో చూసింది. ఎక్కడో చలిదేశంలో గుమ్మడికాయని క్రేనుతో ఎత్తుతున్నారు. "ఏటండీ, ఆ గింజలు మనకి దొరకవా?" అని అడిగింది. రెండేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే. ఆయన మూడు గింజలు తెప్పించాడు. రెండు కుళ్ళిపోయాయి. మూడోది గొడౌను వెనక, చివికిన బెల్లం తట్టలు పారేసే చోట మొలిచి, నెల తిరిగేసరికి విస్తరంత ఆకులేసింది.

ఈ జబ్బుకి గుమ్మడికాయ పడదు. తినకూడదని డాక్టరు రాసిచ్చిన పట్టీలో పైవరసలోనే ఉంది. నీళ్ళూ రోజుకి ఒక లీటరే. సీసా మీద పెన్నుతో పది గీతలు గీసుకుని, పూటకిన్ని గీతలని తాగుతుంది. పాదుకి మాత్రం రోజూ పది బకెట్లు దగ్గరుండి పోయించేది. "తినేది కాదు, అమ్మేది కాదు. ఎందుకే ఇన్ని నీళ్ళు?" అని ఒకసారి గోవిందరావు అన్నాడు. "నాకు లేనిది దానికైనా ఉండనియ్యండి" అంది.

పిందె కొబ్బరికాయంత అయిననాడు ఆమె ఒక బేరం పెట్టింది. అంతకు ముందు వారమే "ఇంక నన్ను శ్రీకాకుళం తీసికెళ్ళకండి, చాలు" అని గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. ఆ రోజు పాదు దగ్గర కుర్చీలో కూర్చుని చెప్పింది: "ఇది నా బరువు దాటితే ఇంకో గింజ పాతుతాను. దాటకపోతే ఇంక నన్ను బలవంత పెట్టొద్దు. ఒప్పుకుంటే శుక్రవారం బండి చెప్పండి." గోవిందరావు ఒప్పుకున్నాడు. నష్టమొచ్చే బేరమో లాభమొచ్చే బేరమో చూసుకోకుండా ఆయన ఒప్పుకున్నది జీవితంలో అదొక్కటే.

కాయ పెరిగింది. రోజూ పొద్దున్నే ఆమె నూలుదారం కాయ నడుముకి చుట్టి, కొస అందినచోట ముడి వేసేది. ముడికీ ముడికీ మధ్య బొటనవేలంత ఎడం. దారం చూసి ఆమె నమ్మింది. గోవిందరావుకి దారం చాల్లేదు. ఆమె దిగుతూ వస్తోంది, కాయ ఎక్కుతూ వస్తోంది, ఇద్దరూ ఎక్కడ కలుస్తారో ఆయనకి అంకెలో కావాలి. మంగళవారం డయాలసిస్ నుంచి వచ్చి ఆమె సొమ్మసిల్లి నిద్రపోయింది. ఆయన బ్యాటరీ కాటా మోయించుకుని గొడౌను వెనక్కి వెళ్ళాడు. కలాసీ దేవేంద్ర వెంట ఉన్నాడు.

"తీగనుండగానే తూస్తామేటి బాబూ?" అన్నాడు దేవేంద్ర.

"ఎత్తుతాం, అంకె చూస్తాం, దించేస్తాం. ఎంతసేపు?"

"బొడ్డు కొయ్యకుండా పసిగుంటని తూసినట్టుంటాది."

"నీ నోట్లో మన్నుపడ. పట్టు ఆ గోనె."

గోనెసంచి కిందికి దూర్చి ఇద్దరూ ఎత్తారు. కాయ మూరెడు పైకి లేచింది, కాటా మీద కూర్చుంది. గోవిందరావు చూపంతా ఎర్రంకెల మీదే ఉంది. అవి తడబడ్డాయి, పైకీ కిందకీ ఊగాయి, నిలబడ్డాయి. ముప్పై తొమ్మిది కిలోల నాలుగొందలు. ఇంకా మూడు కిలోలు రావాలి, నెల చాలు అని ఆయన లెక్క కట్టేలోపు చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది.

"బాబూ, తీగ" అన్నాడు దేవేంద్ర.

కాయకి రెండు బారల అవతల, మొదలువైపు, బొటనవేలంత లావు తల్లితీగ విరిగి ఒక్క నారపోగు మీద వేలాడుతోంది. కణుపు కణుపుకీ పార్వతీదేవి మట్టి ఎగేసి తీగని నేలకి అదిమి ఉంచింది. నేల వదల్లేదు, కాయ పైకి లేచింది, మధ్యలో తీగ లొంగిపోయింది.

కొట్టు ముందు దోసకాయలు, ఆనపకాయలు పెట్టుకు కూర్చునే చిన్నతల్లిని గోవిందరావు తట్ట ముందునుంచి లేపి తీసుకొచ్చాడు. చిన్నప్పట్నించీ పాదుల మధ్య పెరిగిన రైతుమనిషి. వచ్చి, గొంతుక్కూచుని, విరిగినచోటు చూసి తల పట్టుకుంది.

"ఎవుడు సేసినాడీ పని?"

"నేనే."

"నువ్వా బాబూ! పులుపు తూసుకునీవోడివి, పాదుతో నీకేటి పని?"

"బతుకుతాదా? అది చెప్పు ముందు."

చిన్నతల్లి కాయవైపు కణుపుల దగ్గర మట్టి వేళ్ళతో తవ్వింది. "సూడు. మొదట్నించి వచ్చీ నీళ్ళు ఇక్కడితో ఆగిపోనాయి. ఈ పోగులోంచి ఏటొస్తాది? గానీ అమ్మ తెలివైనది. కణుపుకాడల్లా మన్నేసినాది. ఏసినకాడల్లా ఏరు దిగుతాది." మొదటి కణుపు వేరు తెగి పైకి వచ్చింది. రెండోదీ అంతే. మూడోదాన్ని ఆమె కదపలేదు, పక్కన మట్టి మాత్రం తప్పించి చూసింది. "మూడింట్లో రెండు నువ్వే లాగీసినావు. ఒకటున్నాది."

"ఆ ఒక్క వేరుతో ఎదుగుతుందా?"

"ఒకపూట గంజితో నువ్వెదుగుతావేటి? పేనం నిలబడతాది. ఎదుగుతాదని నానయితే సెప్పను."

"అదిగో, అటుపక్క ఇంకో పిందె ఉంది" అని గోవిందరావు చెయ్యి చాపాడు. చిన్నతల్లి ఆ చేతిమీద ఒక్కటేసింది.

"పిందికి ఏలు సూపిస్తారేటి బాబూ! కుళ్ళిపోతాది. వంచి సూపించు." తర్వాత తనే నీరసంగా నవ్వింది. "అలవాటు. ఇంకేటి పోవాల్లే. ఆ పింది నానే తెంపీయాల. ఉన్న ఏరు ఒకటి, తినీవోళ్ళు ఇద్దరయితే ఎలగ?"

పిందె తెంపింది. కొసచిగుళ్ళు గిల్లేసింది. విరిగినచోట వెదురుబద్దలు రెండు దన్ను పెట్టి, తడిపిన పాతచీర పేలిక చుట్టి, పేడా బంకమట్టీ కలిపి మెత్తింది. తెగిన వేళ్ళున్న కణుపుల్ని మళ్ళీ మట్టిలో పూడ్చింది. పైన తాటాకు తడిక నీడ పెట్టించింది. "పూటకి నాలుగుమాట్లు, సెంబుడు సెంబుడు. బకెట్లు పోసినావంటే ఉన్నదీ కుళ్ళిపోతాది" అని చెప్పి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

సాయంత్రం పార్వతీదేవి లేచి పెరట్లోకి వచ్చింది. "ఎండ ముదిరిందని తడిక కట్టించాను" అన్నాడు గోవిందరావు. ఆమె తడికకేసి చూసింది, ఆయనకేసి చూసింది. "మంచి పని చేశారు" అంది.

మర్నాడు పొద్దున్న దారం చుట్టి ముడి వేసింది. అదివరకటి ముడికి అరబొటనవేలు ఎడం. ఆ మర్నాడు గింజంత. నాలుగోనాడు కొస పాతముడి మీదే పడింది. ఆమె ఆ దారాన్ని మడిచి వసారా మేకుకి తగిలించి లోపలికి వెళ్ళింది. గొడౌను కిటికీలోంచి గోవిందరావు ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

అప్పట్నించి ఆయన కొట్టు సగం దేవేంద్రకి వదిలేశాడు. చెంబుతో నీళ్ళు పోశాడు. వేరుశనగ చెక్క నానబెట్టి తేటనీరు పోశాడు. పురుగుమందుల షాపులో వేళ్ళు పట్టే మందని ఏదో సీసా ఇస్తే అదీ పోశాడు. కాయ పక్కనున్న ఆకులు పొద్దున్న తలెత్తేవి, పదిగంటలకల్లా వాలిపోయేవి. విరిగినచోటికి అవతల, మొదలు దగ్గర మాత్రం పాదు ఏపుగా ఉంది. రెండు కొత్త పిల్లతీగలు తోసుకొచ్చి గోడెక్కుతున్నాయి. గోవిందరావు దాన్నీ సరుకు లెక్కలోనే చూశాడు. ఒక ఊళ్ళో సరుకు గుట్టలుగా పడి ఉంది, ఇంకో ఊళ్ళో సరుకు లేక అల్లాడుతున్నారు, మధ్యలో వంతెన కూలిపోయింది. కూల్చింది తను.

శ్రీకాకుళంలో నర్సు చెప్పిన అంకెలు కూడా దిగుతూనే ఉన్నాయి. నలభై ఒకటిన్నర. నలభై ఒకటి. మూడో శుక్రవారం నలభై కిలోల మూడొందలు. ఆ రోజు కారులో తిరిగొస్తూ పార్వతీదేవి, "బేరం గుర్తుంది కదండీ?" అంది. ఆయన కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం ఆమె లేవకముందే గోవిందరావు వసారాలోకి వెళ్ళి మేకునున్న దారం తీశాడు. ముప్పై ఏళ్ళలో తూకంలో వేలు పెట్టని మనిషి. చింతపండులో తడి కలపమన్నవాణ్ణి మెట్లు దింపిన మనిషి. చివరి ముడిని సూదితో విప్పి, బొటనవేలంత వెనక్కి జరిపి మళ్ళీ కట్టాడు. ఇప్పుడు చుడితే కొస ముడిని దాటుతుంది. కాయ కదిలినట్టే.

ఆమె కాఫీ గ్లాసులో అరగీత నీళ్ళు తాగి, దారం పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి పిలిచింది.

"ఏటండీ, ఇలా రండి."

వెళ్ళాడు. ఆమె దారాన్ని అరచేతిలో పరిచి పట్టుకుంది.

"ఈ ముడి ఎవరేశారు?"

"నువ్వే వేసుంటావు."

"నా ముళ్ళు ఇలా ఉంటాయా? ఇవిగో, ఇవన్నీ నావి. ఇది బస్తా ముడి. మన కొట్లో ఏ బస్తా మూతి చూసినా ఇదే."

గోవిందరావు చేతులు చూసుకున్నాడు. అవి ముప్పై ఏళ్ళుగా వేస్తున్న ముడి వాటంతట అవే వేసేశాయి. ఆ సంగతి ఆయన గమనించనేలేదు.

"తీగ విరిగిందని ఆవేళే తెలుసు" అంది ఆమె. "ఎండకయితే తడిక సరే, తీగకి పేడ మెత్తడమేటండీ? దేవేంద్ర అయితే నన్ను చూస్తే చాలు, తల వంచుకు పోతన్నాడు."

"మరి అడగలేదేం?"

"మీరు చెప్తారనుకున్నాను. ఎంత తూగింది?"

"ముప్పై తొమ్మిది కిలోల నాలుగొందలు."

"నిక్కచ్చిగానా?"

"నిక్కచ్చిగా."

ఆమె కాయ పక్కన గట్టుమీద కూర్చుంది. సూదులు గుచ్చే ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో కాయని ఒకసారి తట్టింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు ఆయనకి చాలా పాతకాలందనిపించింది.

"మొన్న నాది నలభై కిలోల మూడొందలు. ఇంకెంత, తొమ్మిదొందలు తేడా. పాపం, దాన్ని ఎదగమని మందులు పోసి ఎందుకు చంపుతారు? నేనే దిగి వస్తన్నాను కదా."

"అలా దాటితే దాటినట్టు కాదు."

"బేరంలో ఎవరు కదలాలో చెప్పుకోలేదు కదండీ. అది నన్ను దాటాలన్నాం, దాటుతాది. మీకు నష్టమేటి? ఇంకో గింజ పాతుతానన్నాను, పాతుతాను. బలముంటే."

కొట్టులోంచి దేవేంద్ర కేక వినిపించింది. బెల్లం లారీ వచ్చిందట, కాటా దగ్గరికి రమ్మంటున్నాడు. గోవిందరావు కదల్లేదు.

పార్వతీదేవి ఆ ముడి విప్పడానికి గోటితో గీకుతోంది. బిగుసుకుపోయి రావడం లేదు. ఆమె వేళ్ళలో పట్టు లేదు.

"అలా రాదు" అన్నాడు ఆయన. "ఆ పొట్టికొస ఉంది చూడు, అది పట్టి లాగు. ఒక్కసారే ఊడిపోతుంది."

లాగింది. ఊడిపోయింది. దారాన్ని కాయ నడుముకి మళ్ళీ చుట్టి, కొస అందినచోట తన ముడి తాను వేసింది. ముందున్న చోటే పడింది.

"తొమ్మిదొందలకి ఎన్ని రోజులు పడతాదండీ?" అంది తల ఎత్తకుండా.

"నాకు తెలీదు" అన్నాడు గోవిందరావు. మూడు వారాల తరుగుని రోజుకింతని విడదీసి, తొమ్మిదొందల్ని దాంతో భాగించడం ఆ పాటికే అయిపోయింది. పది రోజులు.