గట్టిమేళం చాటున

నేను ఒక సన్నాయిని. మెల్లగా మాట్లాడటం నా వల్ల కాదు, ముందే చెబుతున్నాను. చెవులు మూసుకునేవాళ్ళు ఇప్పుడే మూసుకోండి.

పుట్టింది కావేరి ఒడ్డున. ఎవరిదో పాత ఇల్లు పడగొడితే, చేవదేలిన దూలం ఒకటి ఒక ఆచారి కంటపడింది. దాన్ని కొని, తొలిచి, నున్నగా చెక్కి, రంధ్రాలు పెట్టాడు. దూలంగా ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటివాళ్ళ గోలంతా నోరెత్తకుండా విన్నాను. ఆ కసి ఇప్పుడు తీర్చుకుంటున్నాననుకోండి. అక్కడినుంచి నన్ను చీరాల తెచ్చుకున్నది నాగభూషణం. మంచి ఊపిరి, చెడ్డ కోపం. ఆయన తరువాత కొడుకు కోటిలింగం చేతికొచ్చాను. వీడు తప్పటడుగుల నాడే నన్ను నోట్లో పెట్టుకుని చొంగ కార్చాడు. అప్పటినుంచీ వీడు మావాడే.

మనుషుల శుచీ శుభ్రం సంగతి నన్నడగండి. నేను నిలువెల్లా ఎంగిలిలో నానేదాన్ని. వాయించి దించగానే నాలోంచి ఉమ్మి బొట్లు బొట్లుగా కారుతుంది. అయినా నన్ను మంగళవాద్యం అంటారు, దేవుడి ఊరేగింపులో ముందు నడిపిస్తారు. నన్ను ఊదినవాడిని మాత్రం ఆఖరి పంక్తిలో కూర్చోబెడతారు. ఇదేం న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

గట్టిమేళం గురించి కూడా చెప్పాలి. తాళి కట్టే వేళకు పురోహితుడు వేలు ఆడిస్తూ "గట్టిమేళం, గట్టిమేళం" అంటాడు. ఎందుకనుకున్నారు? ఆ క్షణాన ఎవరు తుమ్మినా, ఏ ముసలమ్మ వెక్కినా, ఎవరి నోట పాడుమాట దొర్లినా పెళ్ళికూతురి చెవిన పడకూడదు. ఆ చెడ్డ చప్పుళ్ళన్నీ మేము మింగేయాలి. మా అసలు ఉద్యోగం అదొక్కటే. మిగతాదంతా విస్తళ్ళు లేచేదాకా కాలక్షేపం.

అలాంటి ఉద్యోగంలో ఉన్న మావాడికి కడుపు చెడింది. మొదట్లో పెళ్ళి భోజనాల మసాలా అనుకున్నారు. నెత్తురు పడటం మొదలయ్యాక మొలలనుకుని నాటుమందు మింగాడు. రానురాను ఏ పందిరికి వెళ్ళినా, నమస్కారం పెట్టకముందే మరుగుదొడ్డి ఎటువైపో వెతుక్కునేవాడు. ఊదుతున్నవాడు ఊదుతున్నట్టే చెమటలు పట్టి, పెదవులు నోట పట్టి ఊదే నా పీక మీద వణికేవి. నాకు తెలిసేది. ఎవరితో చెప్పను?

రైసు మిల్లు చలమయ్య పెద్దకూతురి పెళ్ళిలో కొంప మునిగింది. పొద్దుటి ముహూర్తం, పందిరి నిండా జనం. పురోహితుడు వేలెత్తాడు. అంతే, మావాడు నన్ను పక్కనే డోలు వాయించే శేషు ఒళ్ళో పడేసి, పంచె ఎగదీసుకుని పరుగో పరుగు! శేషు మావాడి బావమరిది, పెళ్ళాం నాంచారమ్మకు తమ్ముడు. పాపం, ఒక్కడే డోలు బద్దలయ్యేట్టు బాదాడు. తాళి పడింది. నేను మాత్రం శేషు ఒళ్ళో నోరుమూసుకుని పడున్నాను. నా పుట్టుకలో అంత సిగ్గు ఎరగను.

చలమయ్య ఊరుకుంటాడా? "ఏందయ్యా ఇది? తాళి కట్టేటప్పుడు లేచిపోయే మేళగాణ్ణి యాడన్నా జూశావా? నా కూతురి పెళ్ళి నీకు సంతలాగా కనపడిందా?" అని నలుగురిలో కడిగేశాడు. మావాడు తల వంచుకుని నిలబడ్డాడు. నెత్తురు పడుతోందని పెళ్ళింట్లో ఏ నోటితో చెబుతాడు!

నాంచారమ్మ ఇక వినలేదు. గుంటూరులో కడుపు డాక్టరమ్మ హెప్సీబా గారి దగ్గరికి లాక్కుపోయింది. ఇంట్లో వదిలితే ఎలుకలు కొరుకుతాయని నన్నూ సంచీలో వేసుకుని వెళ్ళారు. కెమెరా గొట్టంతో లోపలంతా చూశాక డాక్టరమ్మ చెప్పింది: "పెద్దపేగు లోపొరంతా పుండ్లు పడి ఉంది. తిండి వల్లనో దిష్టి వల్లనో వచ్చింది కాదిది. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి పేగు మీద పడింది. మందులతో వేరు తెగదు గానీ, అదుపులో పెట్టుకోవచ్చు."

రెండు రకాల మాత్రలు ఇచ్చింది. ఒకటి నెమ్మదిగా పనిచేసేది, విడవకుండా వాడాలి. రెండోది గట్టి స్టీరాయిడు మందు, కొద్ది వారాలు వేసుకుని మెల్లమెల్లగా తగ్గించి ఆపేయాలి.

ఆ గట్టి మందు ఏం మాయ చేసిందో! నెత్తురు ఆగింది, ఆకలి పుట్టింది, బుగ్గలు పూర్ణాల్లాగా గుండ్రంగా పొంగాయి. సన్నాయి విద్వాంసుడికి బుగ్గలే కదా అందం! "అబ్బో, కోటిలింగం తేరుకున్నాడు, అచ్చం నాయనే" అన్నారు ఊరివాళ్ళు. నాంచారమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. డాక్టరమ్మ ఆపమన్న రోజు వస్తే ఆపుతాడా? పాత చీటీ చూపించి మందుల షాపులో అదే మాత్ర కొనుక్కుంటూ పోయాడు. నెమ్మదిగా పనిచేసేదాన్ని మాత్రం, దీనివల్ల ఏం ఒరిగిందని వదిలేశాడు. ఊపిరి నిలవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. బుగ్గల్లో ఉన్నది నాలోకి రావడం లేదు.

ఏడాది తిరిగేసరికి నడుం నొప్పి, షుగరు, వాటి వెనకే మళ్ళీ నెత్తురు. డాక్టరమ్మ ఆ ముఖం చూడగానే చీటీ పక్కన పెట్టింది. "ఇవి బుగ్గలు కావు కోటిలింగం గారూ, మందు తెచ్చిన వాపు. లోపల ఎముకలు గుల్లబారుతున్నాయి."

"అయ్యో తల్లీ, వాపుని చూసి బలుపనుకున్నామా!" అని నాంచారమ్మ నెత్తి కొట్టుకుంది.

అలాంటి మాత్ర ఉన్నట్టుండి మానినా ప్రమాదమేనట. డాక్టరమ్మ కొంచెం కొంచెంగా తగ్గించింది. నరానికి ఎక్కించే ఇంజెక్షన్లు పెట్టి చూసింది. కొన్నాళ్ళు బాగున్నాడు, మళ్ళీ తిరగబెట్టింది. చివరికి ఆసుపత్రి మంచం మీద పూచికపుల్లలా మిగిలాడు. అప్పుడు డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మందులు చేయగలిగినంత చేశాయి. ఇక పెద్దపేగు తీసేయడమే మంచిది. చిన్నపేగు కొసని పొట్ట మీదికి తెచ్చి, దానికి సంచి పెడతారు. బాగా కోలుకున్నాక, కుదిరితే చిన్నపేగుతోనే లోపల తిత్తి కుట్టి సంచి తీసేయొచ్చు. ఆలస్యం చేస్తే పేగు చిల్లిపడుతుంది. అప్పుడు ప్రాణానికే ముప్పు."

మావాడు గోడవైపు తిరిగాడు. "సస్తాగానీ సంచి కట్టుకోను మేడం. మంగళవాయిద్యం పట్టేవాణ్ణి. పొట్టకి పెంట కట్టుకుని పందిట్లో కూర్చుంటే నన్నెవరు పిలుస్తారు?"

"పిలవకపోతే పాయె!" అంది నాంచారమ్మ. "నాకు మనిషి కావాల. సన్నాయి అటకెక్కించుకుందాం." నాకు చురుక్కుమంది గానీ, ఆమె కళ్ళు చూశాక కోపం రాలేదు.

తోడుగా వచ్చిన శేషు చేతిసంచీలోంచి నన్ను తీసి మావాడి ముఖం ముందు పెట్టాడు. "బావా, దీని నిండా ఉండేది ఏంది? నీ ఎంగిలే గదా. ఇంతకాలం దీన్ని ఎవరన్నా పందిట్లోంచి బైటికి పొమ్మన్నారా? పెళ్ళికొచ్చిన పెద్దమనుషులందరూ మోసేది అదే సరుకు. వాళ్ళకి లోపలుంటది, నీకు బైట ఉంటది. అంతే గదా!"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకు తిప్పుకుంది. మావాడు నవ్వలేదు. చాలాసేపు నా రంధ్రాల మీద వేళ్ళు పెట్టుకుని పడుకున్నాడు. తరువాత, "సంతకం యాడ పెట్టాల?" అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక బొడ్డు పక్కన దొండపండంత ఎర్రగా పేగు కొస, దానిమీద సంచి. కొన్నాళ్ళు మావాడు అటువైపు చూడనే లేదు. నాంచారమ్మే నర్సు దగ్గర నేర్చుకుని, సంచి ఖాళీ చేసి, మార్చేది. "పసిపిల్లల్ని పెంచలా నేను? ఇదేమన్నా కొత్తా?" అని ముక్కు కూడా మూసుకునేది కాదు. ఒకరోజు ఆమె గుడికి పోయినప్పుడు సంచి నిండింది. తప్పేదేముంది, తనే లేచి ఖాళీ చేసుకున్నాడు. ఆ తరువాత ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఇక నా గోడు వినండి. కుట్లు మాని పొట్ట గట్టిపడేదాకా ఊదకూడదట, బలం పెడితే పేగు పొడుచుకొస్తుందట. మళ్ళీ దూలాన్నైపోయాను! మావాడు అరుగు మీద కూర్చుని, పీక నోట పెట్టకుండా, రాగం మొత్తం ఉత్త వేళ్ళతో వాయించుకునేవాడు. ఏ స్వరం ఎక్కడ నడుస్తోందో నాకు తెలుస్తోంది, పలుకుదామంటే గాలి లేదు. పక్కింటివాళ్ళు మతి చలించిందనుకున్నారు. ఏడ్చాను. కర్ర ఏడిస్తే ఎవరికి కనిపిస్తుంది లెండి.

చివరికి డాక్టరమ్మ సరేనంది. పొట్టకు వెడల్పాటి పట్టీ బిగించుకుని కొంచెం కొంచెంగా మొదలుపెట్టమంది. మొదటిరోజు నాలోంచి వచ్చింది మేకపిల్ల అరుపు. వీధిలో పిల్లలు పడీపడీ నవ్వారు. మావాడు పీక తీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. వారాలు గడిచేకొద్దీ మేకపిల్ల పోయి, నా గొంతు నాకొచ్చింది. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, ఊపిరి మాత్రం నిండుగా ఉంది.

కానీ పిలుపు ఏది? సంచి సంగతి ఊరంతా పాకింది. మాఘమాసం వచ్చింది, పందిళ్ళు లేచాయి, మా గడప ఎవరూ తొక్కలేదు. మావాడు పైకి ఏమీ అనడు. రోజూ నన్ను నూనెగుడ్డతో తుడిచి గూట్లో పెడతాడు.

ఒక ఉదయం చలమయ్య వచ్చాడు. చిన్నకూతురి పెళ్ళట. కుర్చీలో కూర్చుని, "శేషు చెప్పాడు, మళ్ళీ వాయిస్తున్నావంట. ఈసారి మధ్యలో లేస్తావా?" అన్నాడు సూటిగా.

నాంచారమ్మ గుమ్మంలో బిగుసుకుపోయింది. మావాడు చొక్కా పైకెత్తి పట్టీ, సంచీ చూపించాడు. "లేవనండీ. ఇప్పుడు లేవాల్సిన పనే లేదు. కానీ ఇది కట్టుకునే కూర్చుంటా. మీకు పట్టింపు ఉంటే ఇప్పుడే చెప్పండి, ఏమీ అనుకోను."

చలమయ్య సంచి వైపు ఓసారి, గూట్లో ఉన్న నా వైపు ఓసారి చూశాడు. నా లోపల గాలి లేకపోయినా ఊపిరి బిగబట్టాను.

"మా పెద్దదాని పెళ్ళికి మా అమ్మ మూత్రం సంచితోనే కుర్చీలో కూర్చునుంది," అన్నాడు చివరికి, కండువాతో ముఖం తుడుచుకుంటూ. "దాని నెత్తిన మొదటి అక్షింతలు ఆమెవే. ఎవరూ మైలనలా. పొద్దున్నే వచ్చెయ్, టిఫిన్ అక్కడే."

పెళ్ళినాడు మావాడు పెందలాడే సంచి ఖాళీ చేసుకుని, పట్టీ బిగించి, పట్టు కండువా వేసుకుని పందిట్లో కూర్చున్నాడు. చాలామంది నన్ను కాదు, వాడి పొట్టనే చూస్తున్నారు. చూడనీ అనుకుని గొంతెత్తాను. కాసేపటికి చూపులన్నీ పెళ్ళికూతురి మీదికి పోయాయి.

పురోహితుడు వేలెత్తాడు. శేషు డోలు మీద చెయ్యి వేస్తూ బావ వైపు చూశాడు. మావాడు పొట్ట నిండా ఊపిరి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే, ముహూర్తం చూసుకున్నట్టు, కండువా కింద సంచి గుడగుడమని మోగింది!

అక్కడున్నవాళ్ళలో అది విన్నది నేనొక్కదాన్నే. ఎందుకంటే ఆ పాటికే నేను అందుకున్నాను, శేషు డోలు ఉరిమింది. ఎవరి తుమ్ములో, ఎవరి వెక్కిళ్ళో, వాటితో పాటు మావాడి సంచి చప్పుడూ, అన్నీ కలిపి మింగేశాను. మావాడి పెదవులు నా పీక మీద నవ్వాయి. అంత నవ్వు మీద కూడా స్వరం చెదరలేదు.

తాళి పడింది. అక్షింతలు ఎగిరాయి, కొన్ని వాడి తల మీద, ఒకటీ రెండూ నా కొసనున్న గిన్నెలో పడ్డాయి. అందరూ లేచి వధూవరుల మీదికి తోసుకుపోయారు. మావాడు మాత్రం ఈసారి కూర్చున్నచోటినుంచి లేవలేదు.